పెండింగులో పడ్డ కన్నీళ్లు

యేసు ప్రభువు దేవుడా, మనిషా, లేక రెండూనా అన్న ప్రశ్న రెండువేల ఏళ్లుగా తేలకుండా నానుతోందంటే అందుకు కారణం సరైన రిజిస్టరు లేకపోవడమేనని మొట్టమొదట కనిపెట్టినవారు పెదకాలువ డయోసిస్‌లో విశ్రాంత సబ్ రిజిస్ట్రారు విద్యాసాగరం గారు. ఇంతమంది పండితులు, ఇన్ని మహాసభలు, ఇన్ని విశ్వాస ప్రమాణాలు జరిగిపోయాక కూడా ఒక్కరికీ రెండు గడులు గీసి కూర్చోవాలన్న ఊహ రాలేదు. ఆయనకొచ్చింది. వచ్చిన ఊహ ఊరికే పోదు గదా, ఎవరో ఒకరి నెత్తిన పడాలి. పడింది వంటమేస్త్రీ అహరోను నెత్తిన.

అహరోనుకు అరవై నాలుగేళ్లు. రావులకొల్లు చర్చిలో క్రిస్మస్ ప్రేమవిందు పన్నెండు వందల మందికి వండేది అతనే. గుండిగ మీద మూత తియ్యకుండా, వచ్చే ఆవిరి వాసన చూసి ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పేస్తాడు. అలాంటివాడి బుర్రలో ఒక్క వాక్యం నిలవదు. నిలవకపోతే ఏం పోయిందంటే, సంఘానికి ఒక నియమం ఉంది. బిషప్పుగారి ముందు నిలబడి లేఖనాల్లోంచి ఒక వాక్యం కంఠతా చెప్తేనే ఆయన తల మీద చెయ్యి పెట్టి కన్ఫర్మేషను ఇస్తారు. అది ఉంటేనే బలిపీఠం ముందు కొయ్యకమ్మీ దగ్గర మోకరించి ప్రభువు బల్లలో పాలుపంచుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకోవచ్చు. లేనివాళ్లు ఎర్ర తివాచీ దాటి ముందుకు రాకూడదు.

అహరోను అప్పటికి నలుగురు బిషప్పుల ముందు తప్పాడు. పదహారో ఏట మొదటి బిషప్పుగారి ముందు నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి సృష్టి గురించిన వాక్యం ఎత్తుకుని, "మొదట" అని గట్టిగా అని, "నూనె బాగా కాగనివ్వాలి" అన్నాడు. మూడోసారి మంచి కాపరి గురించి మొదలుపెట్టి గొర్రెల దాకా బాగానే వచ్చి, అక్కణ్ణించి మసాలాలోకి దిగిపోయాడు. నాలుగో బిషప్పుగారు దయగల మనిషి. తనే వాక్యం అందిస్తూ, "చెప్పు నాయనా, భయపడకు" అన్నారు. అహరోను ఆయన అందించిన వాక్యం మానేసి, "చెప్పు నాయనా, భయపడకు" అని ఆయనకే అప్పజెప్పాడు.

ఆ తర్వాత అతను ఆశ వదిలేసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా భార్య సువార్తమ్మ ముందుకెళ్లి బల్ల తీసుకుంటుంటే, అతను చిట్టచివరి బెంచీలో ఆమె చెప్పులు చూసుకుంటూ కూర్చునేవాడు. అదీ అలవాటైపోయేదే గానీ, మొన్న క్రిస్మస్‌నాడు మోకరించిన సువార్తమ్మ మోకాళ్లు పట్టేసి లేవలేక పక్కకి ఒరిగిపోయింది. అహరోను వెనకనుంచి పరుగెత్తుకొచ్చాడు. ఎర్ర తివాచీ అంచుదాకా వచ్చి, బ్రేకేసిన లారీలా ఆగిపోయాడు. ఇద్దరు ఆడవాళ్లు ఆమెని లేపి నిలబెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చాక సువార్తమ్మ అన్నం కూడా పెట్టకుండా ఒక్క మాటంది. "పరాయివాళ్లు నా చంకల్లో చేతులేసి లేపుతుంటే నువ్వు అంచున నిలబడి చూస్తన్నావు. వచ్చే బిషప్పుగారి దగ్గరన్నా ఒక్క వాక్యం చెప్పు. ఈస్టరుకి నా పక్కన మోకరించు."  

అహరోను పాస్టరు యోబు అయ్యగారి కాళ్లావేళ్లా పడ్డాడు. అయ్యగారు ఆలోచించి, లేఖనాలన్నిటిలో పొట్టి వాక్యాన్ని బయటికి తీశారు. స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు, అతన్ని మళ్లీ బతికించబోయే ముందు, సమాధికి వెళ్తూ ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్న సంగతి చెప్పే మూడు మాటల వాక్యం అది. సండే స్కూల్లో బంగారు వాక్యం చెప్పమనగానే ప్రతి సోమరి పిల్లా లేచి చెప్పేది అదే. "అది తప్ప ఇంకోటి చెప్పండి" అని ముందే షరతు పెట్టని టీచరు డయోసిస్‌లో లేదు. కానీ వాక్యం చెప్పాలని నియమముంది గాని, ఎంత పొడుగుండాలో నియమంలో లేదని అయ్యగారు ధైర్యం చెప్పారు.

అహరోను దాన్ని పొయ్యి దగ్గర నేర్చుకున్నాడు. తెడ్డు ఇటు తిప్పితే ప్రభువు పేరు, అటు తిప్పితే కన్నీళ్లు, పైకెత్తితే విడవడం. మూడు వారాలు పట్టింది, రెండు గుండిగలు అడుగంటాయి, ఒక పెళ్లివారు మాట్లాడటం మానేశారు. అయితేనేం, వాక్యం నిలిచింది. నిద్రలో లేపినా చెప్తున్నాడు. సువార్తమ్మ మొహంలో వెలుగు వచ్చింది. ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు కొత్త బిషప్పుగారు వచ్చి కన్ఫర్మేషను ఇస్తారని తెలిసి, ఆమె అతనికి తెల్లచొక్కా కూడా కుట్టించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బుధవారం వాక్యధ్యానంలో గొడవ లేచింది. లెక్కల మాస్టారు లేచి, తండ్రి తనకంటే గొప్పవాడని ప్రభువు తనే ఒప్పుకున్నాడు గదా, తనను మంచివాడని పిలిచినవాణ్ణి దేవుడొక్కడే మంచివాడని సరిదిద్దాడు గదా, మరి దేవుడెలా అవుతాడని అడిగారు. హోమియో డాక్టరుగారు లేచి, అబ్రాహాము పుట్టకముందే తానున్నానని చెప్పింది కూడా ఆయనే గదా, అనుమానం పడ్డ శిష్యుడు మొహం మీదే దేవుడని పిలిస్తే కాదనలేదు గదా అని ఎదురడిగారు. ఇద్దరి దగ్గరా వాక్యాలున్నాయి. ఇద్దరి దగ్గరా గొంతులున్నాయి. మూడో బుధవారానికి సంఘం దైవపక్షం, మానవపక్షం అని చీలి, ఒకరి వైపు ఫ్యానుకింద ఇంకొకరు కూర్చోవడం మానేశారు. తలనొప్పి పడలేక యోబు అయ్యగారు సంగతిని చర్చిలన్నిటికీ పైనున్న డయోసిస్‌కి రాశారు. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే.

డయోసిస్ వారు వెంటనే దైవత్వ నిర్ధారణ ఉపసంఘం వేశారు. అధ్యక్షులు విద్యాసాగరం గారు. సభ్యులు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. విద్యాసాగరం గారు ముప్పై మూడేళ్లు భూముల దస్తావేజులు రిజిస్టరు చేసినవారు. సువార్తలు నాలుగూ ఒకసారి తిరగేసి, కళ్లజోడు తీసి, "ఇది ఒకే ఆస్తి మీద రెండు హక్కుల కేసు. పరిష్కారం విభజన" అని తేల్చారు. ప్రభువు చేసిన ప్రతి పనినీ రిజిస్టరులో ఎక్కించాలి. దైవం అని ఒక గడి, మానవం అని ఒక గడి. చివర్లో కూడితే ఎవరి వాటా ఎంతో తెలిసిపోతుంది.

మొదట్లో పని జోరుగా సాగింది. దోనెలో నిద్రపోవడం మానవం, లేచి తుపానుని గద్దించడం దైవం. కానా పెళ్లిలో నీళ్లని ద్రాక్షారసం చెయ్యడం దైవం, ఆ పెళ్లికి పిలవగానే వెళ్లడం మానవం, ఆ రసం తాను తాగినట్టు సాక్ష్యం లేనందున ఆ గడి ఖాళీ. అయిదువేల మందికి రొట్టెలు విరవడం మానవం, విరిచినకొద్దీ పెరగడం దైవం, మిగిలిన పన్నెండు గంపలు ఉమ్మడి ఆస్తి. నీళ్లమీద నడక దైవమేనని అందరూ ఒప్పుకున్నా, పాదాలు తడిశాయా లేదా అన్నదాని మీద రెండు సమావేశాలు నడిచాయి.

లాజరు సమాధి దగ్గరికొచ్చేసరికి బండి కూరుకుపోయింది. ఏడవడం మానవమేనని లెక్కల మాస్టారి పక్షం అంది. మరో పది నిమిషాల్లో లాజరుని తానే లేపబోతున్నానని తెలిసినవాడు మనిషెలా అవుతాడని డాక్టరుగారి పక్షం అడిగింది. తెలిస్తే ఏడవడమెందుకని వీళ్లు. ఏడిస్తే తెలియదనేనా అని వాళ్లు. ఓట్లు ఆరూ ఆరూ. అధ్యక్షులు తన ఓటు వెయ్యలేదు. అనుమానమున్న దస్తావేజు మీద సంతకం పెట్టిన చరిత్ర తన సర్వీసులో లేదని చెప్పి, ఆ వాక్యాన్ని పెండింగులో పెట్టారు. మర్నాడే అన్ని చర్చిలకూ సర్క్యులరు వెళ్లింది.

"ఇందుమూలముగా సమస్త సంఘములకు తెలియజేయునది ఏమనగా, లాజరు నివాసమైన బేతనియ గ్రామ శివారున ప్రభువువారు విడిచిన కన్నీళ్ల స్వభావము ఇంతవరకు తేలనందున, సదరు వాక్యమును తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు చదువుట, ప్రసంగించుట, కంఠస్థము చేయుట, ఇదివరకే కంఠస్థము చేసియున్నయెడల జ్ఞాపకముంచుకొనుట నిలుపుదల చేయడమైనది."

అయ్యగారు దాన్ని చర్చిలో చదువుతుంటే అహరోను చివరి బెంచీలో చల్లబడిపోయాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. జన్మలో ప్రతి వాక్యాన్నీ మర్చిపోయినవాడికి, మర్చిపొమ్మని ఉత్తర్వొచ్చిన వాక్యం ఒక్కటే మరుపు రావడం లేదు. తెడ్డు పట్టుకుంటే చాలు, అదే వస్తోంది.

ఆ సర్క్యులరుతో ఉపసంఘానికి దారి దొరికింది. తేలనిదల్లా పెండింగులోకి పోయింది. సిలువ మీద దాహమనడం పెండింగు. దేవాలయంలో బల్లలు తిరగెయ్యడం కోపమా, న్యాయమా తేలక పెండింగు. పుట్టడం పెండింగు, ఎందుకంటే దేవుడైతే పుట్టడు, మనిషైతే అలా పుట్టడు. అందువల్ల రాబోయే క్రిస్మస్‌ని అభ్యంతరాలకు లోబడి జరుపుకోవచ్చునని ఇంకో సర్క్యులరు వచ్చింది. చర్చిలో పాఠం చదివేవారు పెండింగు వాక్యం రాగానే చిన్న గంట కొట్టి దాటెయ్యాలి. మార్చి నెలాఖరుకి ఒక అధ్యాయం చదివితే గంటలే తప్ప మాటలు వినపడని పరిస్థితి వచ్చింది. ఐస్‌క్రీం బండేమోనని పిల్లలు రెండుసార్లు బయటికి పరుగెత్తారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ముసలివాళ్లు అనుకున్నారు గాని, ఆ మాట రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు.

మట్టల ఆదివారం పది రోజులుందనగా అహరోను అయ్యగారి ఉత్తరం పట్టుకుని ఉపసంఘం దగ్గరికి వెళ్లాడు. ఆ ఒక్క వాక్యాన్నీ తొందరగా తేల్చమని, లేకపోతే తన ఒక్కడికైనా విడుదల చెయ్యమని బతిమాలుకున్నాడు. విద్యాసాగరం గారు ఉత్తరం చదివి, వృత్తి వంట అన్న చోట ఆగి, కళ్లు పెద్దవి చేశారు. ఇన్నాళ్లుగా ఉపసంఘానికి లేనిది కన్నీళ్ల విషయంలో అనుభవమున్న సాక్షి. ఏటా బస్తాలకొద్దీ ఉల్లిపాయలు కోసేవాడు కాళ్లదగ్గరికే నడిచొచ్చాడు.

మర్నాడు డయోసిస్ హాల్లో పన్నెండు కత్తిపీటలు వేశారు. సూట్లు, బూట్లు వేసుకున్న పెద్దమనుషులు పన్నెండు మందీ బూట్లు విప్పి, పంట్లాములు మోకాళ్లదాకా లాక్కుని, పీటలమీద కూర్చుని ఉల్లిపాయలు కోశారు. అయిదు నిమిషాల్లో హాలంతా ఏడుపు. దుఃఖం లేకుండా వచ్చిన కన్నీళ్లు కంటివా, ఉల్లిపాయవా అని అధ్యక్షులు ముక్కు తుడుచుకుంటూ ప్రశ్న వేశారు. దైవపక్షం కన్నీళ్లు ఒక సాసరులోనూ, మానవపక్షం కన్నీళ్లు ఇంకో సాసరులోనూ పట్టి, ఉప్పు చూడమని సాక్షికిచ్చారు. అహరోను ముందు మొహమాటపడ్డాడు. కానీ ఉప్పు చూడమంటే చూడకుండా ఉండటం అతని చేతిలో లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, రెండో సాసరులోనూ ముంచి పెట్టుకుని, "రెండింట్లో ఉప్పు ఒకటేనండి" అన్నాడు.

అంతమంది ఏడుస్తున్నా అతని కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయని అప్పుడే ఎవరో గమనించారు. నలభై ఏళ్ల అలవాటని, ఉల్లిపాయకి తనకి ఏడుపు రాదని అతను చెప్పుకున్నాడు. విద్యాసాగరం గారు మినిట్సులో ఇలా రాయించారు. సాక్షి రెండు పక్షాల మధ్య తేడా చూపలేకపోయెను. పైగా కన్నీళ్లు రావలసిన చోట రానందున సాక్షి స్వభావమే విచారించదగియున్నది. ఆ విధంగా అహరోను కూడా పెండింగులోకి చేరాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

మట్టల ఆదివారం రానే వచ్చింది. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేములోకి వెళ్లిన జ్ఞాపకంగా ఈతమట్టలు పట్టుకుని ఊరేగే రోజు. గాడిద ఎక్కడ కట్టేసి ఉందో చూడకుండానే తెలియడం దైవమనీ, దాని మీద ఎక్కి కూర్చోవడం మానవమనీ ఉపసంఘం ముందే తేల్చింది గనుక, ఊరేగింపులు రెండుగా వెళ్లాలని, నడుమ ముప్పై అడుగుల ఎడం ఉండాలని ఉత్తర్వు. ముందెవరు నడవాలో మాత్రం తేలలేదు. అందుకని ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి బయల్దేరాయి. ఊరు చిన్నది. రైసుమిల్లు మలుపులో రెండూ ఎదురెదురు పడ్డాయి. ఇటువాళ్లు పాడేదీ అటువాళ్లు పాడేదీ ఒకే పాట, అరచరణం తేడా. దారివ్వమని వీళ్లు, ఇవ్వమని వాళ్లు. ఈ నడుమ మిల్లు మేకలొచ్చి రెండు పక్షాల మట్టలూ ఏ భేదమూ లేకుండా తినేశాయి. కొత్త బిషప్పుగారు గంటన్నర ఎండలో నిలబడి, చివరికి ఒక రిక్షా పిలిపించుకుని ఒక్కరే చర్చికి వచ్చేశారు.

ఆరాధన మొదలైంది. కన్ఫర్మేషనుకి పదకొండుమంది పిల్లలు, పన్నెండోవాడు అహరోను. తెల్లచొక్కా వేసుకుని, పిల్లల వెనక వాళ్ల తాతలా నిలబడ్డాడు. ముందు బెంచీలో సువార్తమ్మ చీరచెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఇవాళ కాకపోతే ఈస్టరుకి కాదు. మళ్లీ బిషప్పుగారు వచ్చేది మూడేళ్లకి. అప్పటికి ఆమె మోకాళ్లు వంగుతాయో లేదో.

పిల్లలు గడగడా అప్పజెప్పేశారు. బిషప్పుగారు అహరోను ముందుకొచ్చి, "చెప్పండి పెద్దాయనా" అన్నారు.

విద్యాసాగరం గారు రిజిస్టరు చంకన పెట్టుకుని లేచారు. పాయింట్ ఆఫ్ ఆర్డర్ అని మొదలుపెట్టి, సదరు అభ్యర్థికి వచ్చిన ఏకైక వాక్యం పెండింగులో ఉన్నదనీ, అది చెప్పిన ఎడల ఉల్లంఘన, చెప్పని ఎడల అనర్హత అనీ, ఏ విధంగా చూసినా దరఖాస్తు తిరస్కరించదగినదేననీ మనవి చేశారు. బిషప్పుగారు పోనీ ఇంకో వాక్యం చెప్పమన్నారు. అహరోను బుర్రలో నూనె కాగుతోంది, గొర్రెలు తిరుగుతున్నాయి, వాక్యమన్నది లేదు. సువార్తమ్మ తల దించుకుంది. అది చూశాక అతనికి భయం పోయింది.

"అయ్యగారండి, ఆ వాక్యం చెప్పొద్దన్నారు, చెప్పనండి. మొన్న మా ఆవిడ పెరట్లో అంట్లు తోముతా మోకాళ్లు పట్టేసి పడిపోయిందండి. నేను పక్కనే ఉన్నా. నేను లేపుతానని నాకు తెలుసు, అరనిమిషం పని. అయినా ముందు ఏడుపే వచ్చిందండి. తర్వాతే లేపాను. లేపేవాడికి ఏడుపెందుకని కమిటీవారు ఇన్నాళ్లుగా అడుగుతున్నారు. ఎందుకేంటండి, మనిషి పడిపోతేను."

 లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. బిషప్పుగారు విద్యాసాగరం గారి వైపు తిరిగి, ఇది ఏ గడిలోకి వస్తుందో చూడమన్నారు. విద్యాసాగరం గారు నిజాయితీ గల మనిషి. రిజిస్టరు మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా తిప్పి చూశారు. పడినది సువార్తమ్మ, లేపినది అహరోను, స్థలం పెరడు. లేఖనం కానందున ఇది ఉపసంఘం పరిధిలోకి రాదని, కనుక ఉపసంఘానికి అభ్యంతరం ఉండే అవకాశమే లేదని చెప్పారు.

"అయితే ఇబ్బంది లేదు" అన్నారు బిషప్పుగారు. "వాక్యం చెప్పాలని ఒక నియమం, ఆ వాక్యం చెప్పకూడదని ఒక ఉత్తర్వు. ఈయన చెప్పకుండా చెప్పారు. రెండూ నెరవేరాయి."

ఆ మాట అంటూనే అహరోను తలమీద చెయ్యి పెట్టేశారు. విద్యాసాగరం గారు మినిట్సులో అది ఎలా రాయాలా అని కలం తీసి, మూత పెట్టి, మళ్లీ తీశారు. సండే స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు, టీచర్లు వారించబోయి తామూ కొట్టారు.

బల్ల సమయం వచ్చింది. అహరోను ఎర్ర తివాచీ మీద అడుగు పెట్టాడు. కాలుతుందేమో అన్నట్టు మొదట బొటనవేలు పెట్టి చూసి, తర్వాత పాదం మోపాడు. సువార్తమ్మ పక్కన కొయ్యకమ్మీ పట్టుకుని మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు, పాత్రలో గుక్క తాగాడు.  ముప్పై ఎనిమిదేళ్లుగా చివరి బెంచీనుంచి వీపు మాత్రమే చూసిన మనిషి పక్కన, భుజానికి భుజం ఆనించి ఉన్నాడు.

వరసలోవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. సువార్తమ్మ కూడా కమ్మీ ఊతంగా, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కూడదీసుకుని మెల్లగా లేచింది. అహరోను లేవలేదు. జన్మంతా పొయ్యి దగ్గర నిలబడి పనిచేసినవాడు, మోకరించడం అతనికి ఇదే మొదలు. మోకాళ్లు రెండూ పట్టేశాయి. ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి ప్రయత్నించాడు. లేపుతానని వచ్చినవాడు తనే కూలబడి ఉన్నాడు. వెనక తర్వాతి వరస కాచుకుని నిలబడి ఉంది, దైవపక్షం మానవపక్షం కలిసిపోయి మెడలు సాచి చూస్తున్నాయి. ఉల్లిపాయల బస్తాలకి తడవని అతని కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కమ్మీ మీద పడ్డాయి.

సువార్తమ్మ చెంగు నడుముకి దోపుకుని వంగింది. అతని చంకల్లో రెండు చేతులూ వేసింది.

"ఏడవమాకు" అంది. "లేపుతున్నాగా."